తెరచాపకు తోడు ఏమి కావలెను?

బామ్నిలో కూర్చుండి సముద్రపు పడవలను గురించి విమర్శ వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. మన వాకిట నిలిచి చూచినచో బొగ్గు లారీలు కనబడును, టేకు దుంగల బండ్లు కనబడును గాని తెరచాప ఎన్నడును కనబడదు. ఐనను ఈ విషయముతో మనకు బొత్తిగా సంబంధము లేదనుటకు వీలులేదు. మన ప్రక్కన పారు వార్ధా నది వైనగంగతో కలిసి ప్రాణహితయై, సిరొంచకు ఎదుట కాళేశ్వరము వద్ద గోదావరిలో చేరి, భద్రాచలము, రాజమహేంద్రవరము మీదుగా కడలికి పోవుచున్నది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత సర్ ఆర్థర్ కాటన్ ఈ నీటిబాటనే ఎగువకు పొడిగించి, బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని పడవలపై తీరమునకు దింపవలెనని తలపోసినారు. ఆ పనికై దుమ్ముగూడెము వద్ద కట్టిన ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. నదిలోని రాతి అడ్డంకులు, వేసవిలో సన్నగిల్లు ప్రవాహము, పెరిగిపోయిన వ్యయము కారణముగా 1871లో ఆ పథకమును విడిచిపెట్టినారు. పత్తి రైలెక్కినది. ఆ పథకమే సాగియున్నచో మన తాతలు బొగ్గు గనులకును, కాగితపు మిల్లునకును రైలులో గాక పడవలో వచ్చియుండెడివారేమో!

కనుక తెరచాప మనకు తప్పిపోయిన చుట్టము వంటిది. ఆ చుట్టపు ఇంట ఇప్పుడొక తగవు నడుచుచున్నది. చిన్న పడవలో సముద్రము దాటువాడు తనతో ఏమేమి తీసికొనిపోవలెను? ఉపగ్రహముల సాయముతో ఉన్నచోటు చెప్పు యంత్రము, తనంతట చుక్కాని పట్టు విద్యుత్సాధనము, శీతలపు పెట్టె, ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రము, ఇంటివారితో మాటలాడుటకు టెలిఫోను — ఇవన్నియు ఉండవలెనని ఒక పక్షము. ఇవి చేరినకొలది పడవ ఒక ఇల్లగును గాని నావికుడు నావికుడుగా మిగలడని రెండవ పక్షము. ఈ రెండు పక్షముల వాదములను ఒకసారి తూచి చూడవలెనని మా ఉద్దేశము. చివరకు ఇది పడవల తగవు మాత్రమే కాదని చదువరులకే తెలియగలదు.

మొదట నిరాడంబర పక్షమును చూతము. ఈ పక్షమువారు తమ ఆదిపురుషుడుగా చెప్పుకొనునది జాషువా స్లోకమ్. ఆయన 1895 నుండి 1898 వరకు 'స్ప్రే' అను పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చినారు. అట్లు చుట్టినవారిలో ఆయనయే మొదటివారు. తన యాత్రను గురించి 1900లో వెలువరించిన గ్రంథములో ఆయన తన గడియారపు ముచ్చటను చెప్పినారు. అది రేకు గడియారము. ముఖము పగిలియున్నందున దుకాణదారు ధర తగ్గించి ఒక డాలరుకే ఇచ్చినాడట. ఈ ముచ్చటను నిరాడంబరవాదులు మాటిమాటికి ఉదాహరింతురు. డాలరు గడియారముతో భూమిని చుట్టవచ్చును గదా, ఈ యంత్రములన్నియు ఎందులకు, అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నలో ఒక లోపమున్నది. దానిని తెలిసికొనుటకు గడియారమునకును సముద్రమునకును గల సంబంధము కొంత తెలియవలెను. నడిసముద్రమున మైలురాళ్ళు లేవు. మధ్యాహ్నవేళ సూర్యుడు దిగంతమునకు ఎంత ఎత్తున నున్నాడో సెక్స్‌టాంట్ అను కోణమాపకముతో కొలిచినచో, మనము భూమధ్యరేఖకు ఎంత ఉత్తరమునో, ఎంత దక్షిణమునో తెలియును. తూర్పు పడమరలు తెలియవలెనన్నచో కాలము కావలెను. మన పంచాంగపు లెక్క చొప్పున దినమునకు 60 ఘడియలు. ఘడియకు 24 నిమిషములు. ఆ ఒక్క ఘడియలో భూమి 6 డిగ్రీలు తిరుగును. అనగా 4 నిమిషములకు ఒక డిగ్రీ. భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ అనగా 60 నాటికల్ మైళ్ళు. గడియారము 4 సెకనులు తప్పినచో పడవ స్థానము ఒక మైలు తప్పును. 4 నిమిషములు తప్పినచో 60 మైళ్ళు తప్పును. రాత్రివేళ అట్టి తప్పునకు ఫలము బండరాయి కావచ్చును.

మరి ఆ రేకు గడియారముతో స్లోకమ్ ఎట్లు తిరిగి వచ్చినారు? ఆయన బాల్యము నుండి ఓడలపై పెరిగి, పెద్ద తెరచాప ఓడలకు కప్తానుగా పనిచేసినవారు. గడియారము నమ్మదగనిదైనపుడు చంద్రునకును ఇతర గ్రహతారకలకును నడుమ దూరమును కొలిచి కాలము కట్టు విద్య ఆయనకు తెలియును. ఆ గణితము చాల కష్టమైనది. నేటి నావికులలో దానిని చేయగలవారు అరుదు. ఆయన పడవలో లేని సామగ్రి ఆయన తలలో నున్నది. ఈ సంగతిని విడిచి డాలరు గడియారమును మాత్రమే పొగడుట, మహావిద్వాంసుని చేతి తాటాకును చూచి పాండిత్యమునకు తాటాకు చాలుననుట వంటిది.

తరువాతి ఉదాహరణము మనకు మరింత దగ్గరిది. బొంబాయిలో టేకుతో కట్టిన 'సుహైలీ' అను 32 అడుగుల పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ నుండి బయలుదేరి, ఎక్కడను ఆగక, ఒంటరిగా భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న అక్కడికే చేరినారు. ఆగకుండ ఒంటరిగా చుట్టుట లోకములో అదియే మొదటిసారి. ఆ పోటీకి దిగినవారు తొమ్మిదిమంది. ముగించినది ఆయన ఒక్కరే. దారిలో త్రాగునీరు చెడినది. వాన నీరు పట్టుకొన్నారు. రేడియో మూగబోయినది, నెలల తరబడి లోకమునకు ఆయన జాడ తెలియలేదు. గాలి సాయముతో చుక్కాని పట్టు ఏర్పాటు విరిగినది. తెరచాపలను సరిదిద్ది పడవను తన దారిని తాను పోవునట్లు చేసికొన్నారు. ఈయనయు వర్తక నౌకలలో శిక్షణ పొందిన అధికారియే. ఒక్కొక్క సాధనము పోయినపుడెల్ల ఒక్కొక్క విద్య దాని స్థానమున నిలిచినది. నిరాడంబరత్వమునకు మేము చెప్పగల నిజమైన ప్రశస్తి ఇదియే: సామగ్రి తక్కువైనచోట విద్య ఎక్కువ కావలెను. విద్య లేని నిరాడంబరత్వమునకు లేమి అని పేరు.

ఆ యాత్రకు 50 ఏండ్లు నిండిన సందర్భమున 2018లో గోల్డెన్ గ్లోబ్ అను పందెమును మరల నడిపినారు. నియమములు విచిత్రమైనవి. నాక్స్-జాన్‌స్టన్‌కు లభింపని సాధనము వీరికిని లభింపరాదు. ఉపగ్రహముతో దారి చూచుకొనరాదు. సెక్స్‌టాంట్, కాగితపు పటములు వాడవలెను. విద్యుత్తుతో నడచు చుక్కాని యంత్రము కూడదు. డిజిటల్ గడియారము కూడ నిషిద్ధము. పాటలు వినవలెనన్నచో పాత క్యాసెట్టు పెట్టుకొనవచ్చును. కాని ఇంతటి నియమములు పెట్టినవారు మరియొక నియమమును కూడ పెట్టినారు. ప్రతి పడవలోను ఉపగ్రహ దిశాయంత్రమును ఒక పెట్టెలో పెట్టి ముద్ర వేసి ఉంచవలెను. ప్రాణాపాయమున ముద్ర విప్పవచ్చును. పందెపు కార్యాలయముతో సందేశములు నడపుటకు ఉపగ్రహ సాధనమును ఉండవలెను.

ఈ రెండవ నియమము విలువ ఆ సంవత్సరమే తేలినది. భారత నౌకాదళాధికారి అభిలాష్ టామీ గోవాలో సుహైలీ నమూనాను అనుసరించి కట్టిన 'తురీయ'లో ఆ పందెమునకు దిగినారు. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రములో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు దాదాపు 1,900 నాటికల్ మైళ్ళ దూరమున, తుఫానులో పడవ బోర్లపడినది. తెరచాప కొయ్యలు విరిగినవి. ఆయన వెన్నెముకకు తీవ్రమైన దెబ్బ తగిలినది. లేవలేని స్థితిలో, ఉపగ్రహము ద్వారా కొలది మాటల సందేశమును పంపగలిగినారు. భారత, ఆస్ట్రేలియా విమానములు ఆయన పడవను కనుగొన్నవి. మూడవ దినమున ఫ్రెంచి నౌక 'ఒసిరిస్' ఆయనను చేర్చుకొన్నది. అక్టోబరులో భారత నౌక 'సాత్పురా' ఆయనను మన విశాఖపట్టణమునకే చేర్చినది. సెక్స్‌టాంట్ ఎంత గొప్పదైనను వెన్నెముక విరిగిన మనిషి కేకను వేల మైళ్ళు మోసికొనిపోలేదు. ఆ పని ఆ చిన్న యంత్రమే చేసినది.

నిరాడంబరవాదులు ఈ ఘట్టమును గురించి కొంత ఇబ్బందితో మాటలాడుదురు. ఇబ్బంది పడవలసిన పనిలేదని మా అభిప్రాయము. 2022లో జరిగిన తరువాతి పందెములో ఇంకొక ఘట్టమున్నది. ఆ నవంబరులో ఫిన్‌లాండు నావికుడు టాపియో లేటినెన్ పడవ మునిగినది. ఆయనను రక్షించుటకై దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్, నిర్వాహకుల అనుమతితో, ముద్ర విప్పి ఉపగ్రహ యంత్రమును వాడినారు. రక్షించిన పిమ్మట మరల సూర్యుని కొలుచుకొనుచు సాగిపోయి, 2023 ఏప్రిల్‌లో ఆ పందెమును గెలిచినారు. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన అభిలాష్ టామీ రెండవ స్థానములో నిలిచినారు. ముద్ర విప్పినందున ఆమె గెలుపునకు వచ్చిన లోటేమి? ఏ సాధనమును ఎప్పుడు తీయవలెనో, ఎప్పుడు మరల మూయవలెనో తెలిసియుండుటయే ఆమె గొప్పతనము.

ఇక సౌకర్య పక్షము. దీనికి మనవారి ఉదాహరణమే చాలును. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి ఆరుగురు మహిళా నౌకాదళాధికారులు 'తారిణి' అను తెరచాప నౌకపై బయలుదేరి, 2018 మే 21న భూమిని చుట్టి తిరిగి వచ్చినారు. 254 దినములు; 21,600 నాటికల్ మైళ్ళు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య మన తెలుగునాటివారు. తారిణిలో ఉపగ్రహ దిశాయంత్రములున్నవి. తీరముతో మాటలాడు సాధనములున్నవి. దారి పొడుగునను వాతావరణపు కొలతలను తీసి స్వదేశమునకు పంపినారు. దీనిని చూచి, "వీరిది సులభయాత్ర" అనుట అన్యాయము. తెరచాపలను దింపుటయు ఎత్తుటయు యంత్రము చేయదు. దక్షిణ సముద్రపు చలిని యంత్రము ఓర్వదు. చివరి అంచెలో చుక్కాని త్రిప్పు యంత్రాంగము చెడి వారు మారిషస్‌లో ఆగవలసి వచ్చినది. సాధనములు చేతులకు తోడుగా నున్నవి గాని చేతులకు బదులుగా లేవు.

బదులైనపుడు ఏమగునో చెప్పుటకు మరియొక ఉదాహరణము అదే హిందూ మహాసముద్రమున దొరకును. 2014 నవంబరు 29 రాత్రి, వోల్వో ఓషన్ రేసు అను ప్రసిద్ధమైన పందెములో పాల్గొనుచున్న 'టీమ్ వెస్టాస్ విండ్' నౌక మారిషస్‌కు ఉత్తరముననున్న కార్గదోస్ కారజోస్ పగడపు దిబ్బలపైకి పోయి చిక్కుకొన్నది. ఆ నౌకలో లేని యంత్రము లేదు; శిక్షణ లేని మనిషి లేడు. ఎలక్ట్రానిక్ పటములో ఆ దిబ్బలున్నవి కూడ. కాని పటమును చాలినంత పెద్దది చేసి చూచిననే అవి స్పష్టముగా కనబడును. చూచినవారు అంత పెద్దది చేయలేదు. తొమ్మండుగురును ప్రాణములతో బయటపడుట వారి అదృష్టము. కాగితపు పటమును బల్లపై పరచినపుడు కన్ను అంతట తిరుగును. తెర చూపినది మాత్రమే చూచుటకు అలవాటుపడిన కన్ను తెర చూపనిది లేదనుకొనును. సౌకర్యము వలన వచ్చు అపాయము ఇట్టిది. యంత్రము చెడిపోనక్కరలేదు. బాగుగా పనిచేయుచుండగనే మనలను ఏమరుపాటున పడవేయగలదు.

చిన్న పడవలో మరియొక చిక్కు కలదు. ప్రతి సౌకర్యమును విద్యుత్తును కోరును. విద్యుత్తునకు బ్యాటరీలు, బ్యాటరీలకు సూర్యఫలకములో ఇంజనో కావలెను. ఇంజనుకు చమురు కావలెను. చమురుకై రేవు కావలెను. ఒక చల్లని గ్లాసెడు నీరు కోరినవాడు చివరకు రేవునకు కట్టుబడిపోవును. గాలిని నమ్ముకొని బయలుదేరినవాడు ఇట్లు చమురు కొట్టునకు దాసుడగుట తెరచాప పరమార్థమునకే విరుద్ధము. ఈ మాటలో నిరాడంబరవాదులతో మేమును ఏకీభవింతుము.

కాని వారి వ్రాతలలో మాకు మింగుడుపడని భాగమొకటి కలదు. పేదల పడవలను చూచి వారు పరవశించుట. మన కాకినాడ, ఉప్పాడ తీరములలో మత్స్యకారులు తరతరములుగా తెప్పలపైనను, తెరచాప నావలపైనను సముద్రమునకు పోయినారు. నీటి రంగును, గాలి వాలును, చుక్కలను చూచి దారి తెలిసికొన్నారు. పిల్లలకోడి ఎక్కడ పొడిచినది, గొల్లకావడి ఎంత ఎక్కినది అని ఆకసమున చదువుకొన్న విద్య అది. ఆ విద్య మహత్తరమైనది. దానిని మేము తక్కువ చేయము. కాని వారి పడవలో యంత్రము లేకుండుట వారు కోరి పట్టిన వ్రతము కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుఫాను వేళ సముద్రముపై నున్న మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. ఎదురుచూచిన ఆ ఇండ్ల ముందు నిలిచి నిరాడంబరత్వమును పొగడగల ధైర్యము మాకు లేదు. 1999లో హైదరాబాదున ఏర్పడిన ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార సంస్థ అలల ఎత్తును, చేపలుండు తావులను తెలుగులోను తెలుపుచున్నది. ఆ వార్త చేరిన పడవ రాత్రికి ఇల్లు చేరినచో, అది ఆడంబరమని ఎవరనగలరు? సుఖముగా బ్రతుకువాడు కొన్నాళ్ళు కోరి విడిచినది వ్రతము; లేనివానికి అందనిది అన్యాయము. ఈ రెంటికిని ఒకే పేరు పెట్టుట విమర్శకు తగదు.

ఇంతవరకు చూచినదానిని బట్టి మాకు తోచిన కొలబద్ద ఇది. పడవపైకి ఒక వస్తువు వచ్చునపుడు, "ఇది పాతదా, కొత్తదా?" అని అడుగుటవలన ప్రయోజనము లేదు. సెక్స్‌టాంట్ కూడ ఒకనాడు కొత్త యంత్రమే. "ఇది రేపు మూగబోయినచో మేము ఇల్లు చేరగలమా?" అని అడుగవలెను. చేరగలమన్నచో అది తోడు. ఎంతటి ఖరీదైనదైనను రానీయవచ్చును. చేరలేమన్నచో అది యజమాని. ఎంత చిన్నదైనను భయపడవలెను.

ఈ కొలబద్దను చేతబట్టి మేము మా ఇంటివైపు తిరిగినపుడు కొంత సిగ్గుపడవలసి వచ్చినది. మన పెద్దలు ఈ ప్రాంతమునకు వచ్చినపుడు వారి మూటలో సామాను తక్కువ. నోట పద్యములున్నవి, చేత పెద్దబాలశిక్ష యున్నది, ఉత్తరము వ్రాయు అలవాటున్నది. నేడు మన ఇండ్లలో తెలుగు ఎల్లవేళల మ్రోగుచున్నది. టెలివిజనులో తెలుగు, సెల్‌ఫోనులో తెలుగు. మరాఠీ వాక్యము చూపినచో క్షణములో తెలుగు చేసి ఇచ్చు యంత్రము కూడ వచ్చినది. ఇవి రావుట మంచిదే. దూరమున నున్న మేనమామ ముఖము చూచి మాటలాడుట మన తాతలకు కలలోనైనను లేని భాగ్యము. కాని తెర ఆరిపోయిన పిమ్మట మన పిల్లలలో ఎందరు ఒక తెలుగు పుట చదువగలరు? ఎందరు అమ్మమ్మకు నాలుగు పంక్తులు వ్రాయగలరు? బడిలో మరాఠీ, ఇంగ్లీషు నేర్చుకొను పిల్లలను నిందించుట మా ఉద్దేశము కాదు. వారి చేతికి యంత్రమును ఇచ్చి, విద్యను ఇచ్చుట మరచినవారము మనమే. నావికుడు ముద్రవేసి ప్రక్కన పెట్టినది యంత్రమును. మనము ముద్రవేసి అటకపై పెట్టినది పెద్దబాలశిక్షను.

కనుక సంఘమువారికి ఒక చిన్న మనవి. ప్రతి సంవత్సరము ఉగాది వేడుకలకు ఏర్పాట్లు జరుగు రోజులలోనే, మార్చి 20 ప్రాంతమున, పగలును రాత్రియు సమానమగు దినము వచ్చును. ఆనాడు పిల్లలను మైదానమున చేర్చి, ఒక మీటరు కర్రను నిట్టనిలువుగా పాతించవలెను. మన ఊరి మీద సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చునది గడియారములో 12 గంటలు కొట్టినప్పుడు కాదు. మనము దేశకాలపు రేఖకు పడమట నున్నందునను, ఆ రోజులలో సూర్యుడు గడియారమునకు కొంత వెనుకబడి యుండుటవలనను, మరి 20 నిమిషముల తరువాత. అప్పుడు కర్ర నీడ అతి పొట్టిగా నుండును. సుమారు 36 సెంటీమీటర్లు. కాగితముపై ఆ కొలతలతో త్రిభుజము గీచి, పైకొన వద్ద కోణము కొలిచినచో 20 డిగ్రీలకు కొంచెము తక్కువ వచ్చును. అదియే భూమధ్యరేఖ నుండి బామ్నికి గల దూరము. స్లోకమ్ చేసినదియు, నాక్స్-జాన్‌స్టన్ చేసినదియు మూలమున ఈ పనియే.

ఆ కొలతను, ఆ లెక్కను పిల్లలు తమ చేతితో తెలుగులో వ్రాయవలెను. అక్షరము తప్పినచో ప్రక్కన కూర్చున్న తాతగారు దిద్దుదురు. వ్రాసిన తరువాతనే సెల్‌ఫోనులు తీసి, ఉపగ్రహము చెప్పు అంకెతో తమ అంకెను సరిచూచుకొనవచ్చును. అర డిగ్రీ తేడా వచ్చినను దిగులు లేదు. సముద్రముపై ఆ తేడా 30 మైళ్ళని చెప్పి, మరునాడు మరల కొలిపింతము.